రామగుండం మనిషి, చల్లటి ఎండ

కొమరయ్య అబద్ధాలాడే మనిషి కాదు. చెప్పే నిజానికి కాస్త ఎరువు వేస్తాడు, అంతే. ఎకరానికి ఒక బస్తా చాలే చోట నాలుగు బస్తాలు చల్లే చెయ్యి అది. డెబ్బై రెండేళ్లుగా ఆయన మాటలకు నవ్వినవాళ్లున్నారు, నమ్మినవాళ్లున్నారు, నష్టపోయినవాళ్లు మాత్రం లేరు. కెనడాలోని విన్నిపెగ్‌లో కూతురు సరోజన ఇంటికి వచ్చిన మూడో నెలలో ఆ మంచిపేరు కాస్తా పోయేదే.

ఆయనది రామగుండం పక్క పల్లె. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల జిల్లాల జనం పేపర్లో ముందు రామగుండం అంకె చూసి, తర్వాత తమ ఊరి అంకె చూసుకుని ఊపిరి పీల్చుకుంటారు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషిని జనవరిలో తెచ్చి విన్నిపెగ్‌లో దింపితే ముందు పోయేది మాట. చూసిన ప్రతిదీ అబద్ధంలాగే ఉంటే ఏం మాట్లాడతాడు? వేడినీళ్లు గాల్లోకి విసిరితే కింద పడకుండా పొగై పోయాయని ఊళ్లో ఉన్న దోస్తు అంజయ్యకు ఫోన్ చేసి చెప్పాడు. అంజయ్య సరేలెమ్మన్నాడు. నది మీద నడిచానన్నాడు. అంజయ్య దగ్గాడు. మార్చి చివర్లో పక్కింటాయన వెంట వెళ్లి, గడ్డకట్టిన సరస్సు మీదికి కారులోనే పోయి, మంచుకు కన్నం కొట్టి, పొద్దంతా స్టూలు మీద కూర్చుని రెండు చేపలు పట్టాడు. అదీ చెప్పాడు. అంజయ్య ఫోన్ పెట్టేశాడు.

పుట్టి బుద్ధెరిగాక ఎరువు వెయ్యకుండా చెప్పిన మాటలు ఆ మూడే. ఆ మూడే ఎవరూ నమ్మలేదు. అప్పటి నుంచి కొమరయ్యకు ఏది నిజమో, ఏది తన కల్పనో గట్టు కనబడకుండా పోయింది.

చేపల రోజు నుంచి ఇంకో తంటా కూడా పట్టుకుంది. ముక్కు మీదా బుగ్గల మీదా చర్మం మంట పుట్టి, నల్లబడి, ఉల్లిపొరలాగా లేస్తోంది. ఇంట్లో హీటర్ గాలి పడక అలా అయిందని ఆయన తీర్మానం. సరోజన కొన్న కొత్త సబ్బు మీద కూడా అనుమానం ఉంది గానీ, బిడ్డ నొచ్చుకుంటుందని బయటికి అనలేదు.

సరోజన తెల్లారకముందే షిఫ్టుకు వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలేది ఆయనా, మనవరాలు సాత్వికా. చదువైపోయి సాత్విక ఒక ట్రావెల్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. ఇంట్లోనే లాప్‌టాప్ ముందు పని. కెనడా చలికి విసిగినవాళ్లను ఆ కంపెనీ మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్ట్‌కు పంపుతుంది. అక్కడికి వెళ్లినవాళ్లు ఫోన్ చేస్తే వాతావరణం ఎలా ఉంటుందో, బీచ్‌లో ఈతకు దిగొచ్చో లేదో చెప్పే జెండా ఏ రంగుదో, ఎండలో ఎంతసేపు ఉండొచ్చో చెప్పడం సాత్విక ఉద్యోగం. తెలుగువాళ్లు వెళ్తే ఆ పిల్లకే అప్పగిస్తారు.

కొమరయ్యకు ఇదే ముందు అర్థం కాలేదు. ఇక్కడ కిటికీ బయట మోకాలి లోతు మంచు. ఇక్కడ కూర్చున్న పిల్ల, ఎప్పుడూ చూడని సముద్రం దగ్గర ఎండ ఎలా కాస్తుందో అక్కడ ఉన్నవాళ్లకే చెబుతుంది. వాళ్లు తలెత్తి చూసుకుంటే సరిపోదా అని అడిగాడు. చూస్తే తెలియదు తాతా, అందుకే నాకు జీతమిస్తున్నారు, అంది సాత్విక. ఎండ కళ్లకు కనబడకపోవడమేమిటో కొమరయ్య రెండు రోజులు ఆలోచించి వదిలేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు సాత్విక బట్టలు వాషింగ్ మెషీన్‌లో వెయ్యడానికి బేస్‌మెంట్‌లోకి దిగింది. లాప్‌టాప్ మోగింది. పచ్చ బొమ్మ నొక్కితే మనిషి పలుకుతాడని కొమరయ్యకు తెలుసు. నొక్కాడు.

అవతల కిరీటి అనే అతను. కెనడాలోనే మార్కమ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య వర్ష, ఏడు నెలల పాప. పాపను పండు అని పిలుస్తారట. రిసార్ట్‌కు ఆ సాయంత్రమే చేరారు. అక్కడ అప్పుడు రాత్రి తొమ్మిది. రేపు బీచ్‌కు వెళ్తే ఎలా ఉంటుందో, పాపను ఎంతసేపు ఉంచొచ్చో కనుక్కోవాలి. పెద్దాయన గొంతు వినేసరికి అతను కంపెనీలో అనుభవమున్న మనిషే దొరికాడనుకున్నాడు. కొమరయ్య కాదనలేదు. ఏ ఊరు కొడుకా అని అడిగాడు.

"మాది రెంటచింతలండి, బాబాయ్ గారూ."

అక్కడితో ఆ ఫోన్ చెయ్యి దాటిపోయింది. రెంటచింతల అంటే మాటలా? కృష్ణా నదికి ఈవల రామగుండానికి ఎంత పేరుందో, ఆవల రెంటచింతలకు అంత పేరుంది. ఒకే పేపర్లో పక్కపక్కన అంకెలు పడే ఊళ్లు. కొమరయ్య తన ఊరి పేరు చెప్పగానే అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది, బహుశా లేచి నిలబడ్డాడు.

ఇక ఇద్దరూ ఎండలు కొలుచుకున్నారు. ఒక మే నెలలో తమ ఎడ్లబండి నీడ నేలకు అంటుకుపోయిందనీ, సాయంత్రం పార తెచ్చి గీకి తీసుకుపోవలసి వచ్చిందనీ కొమరయ్య చెప్పాడు. తమ ఊళ్లో ఒంటిగంట అయ్యేసరికి సూర్యుడే వచ్చి వేపచెట్టు కింద కూర్చుంటాడనీ, మూడింటికి మజ్జిగ పోసి లేపి పంపాలనీ కిరీటి చెప్పాడు. కొమరయ్యకు కడుపు నిండిపోయింది. కెనడా వచ్చాక తన భాష మాట్లాడే మనిషి దొరకడం అదే మొదలు.

ఆ ఊపులో లాప్‌టాప్ తెర చూశాడు. పొద్దు బొమ్మ పక్కన ఇరవై రెండు. దాని కింద ఇంకో బొమ్మ పక్కన ఏడు. ఆకుపచ్చ జెండా. ఏడో తరగతి చదివిన మనిషికి ఇందులో తెలియనిదేముంది? పగలు ఇరవై రెండు డిగ్రీలు, రాత్రి ఏడు.

"ఇరవై రెండంటే అది ఎండ కాదు కొడుకా. మన దగ్గర అట్లయితే దుప్పటి కప్పుకుంటం. పొద్దున లేత ఎండల పిల్లలకు నూనె రాసి పండవెడతం గదా, అక్కడ పొద్దంతా గదే ఎండ. బిడ్డకు మంచిగ నూనె పట్టించి, బట్టలిప్పి, తువ్వాల మీద వెయ్యి. బొక్కలు గట్టివడతయి. రాత్రి మాత్రం పైలం, ఏడుకు దిగుతది."

అవతల వర్ష ఏదో అడుగుతున్నట్టు వినబడింది. పెద్దాయన చెప్తున్నాడుగా, అన్నాడు కిరీటి. వాట్సాప్ నంబర్ తీసుకుని, మరీమరీ దండాలు చెప్పి పెట్టేశాడు.

సాత్విక పైకొచ్చి ఎవరని అడిగితే, వాతావరణం అడిగిండు, చెప్పిన, అన్నాడు కొమరయ్య. ఆ పిల్ల రికార్డు చూసుకుంది. కంపెనీ జాగ్రత్తల కాగితం ఎలాగూ వాళ్లకు ఈమెయిల్‌లో వెళ్లి ఉంటుంది. సరే అనుకుంది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు కొమరయ్య చాయ్ తాగుతూ కిటికీలోంచి మంచు తెల్లబడడం చూస్తుండగా ఫోన్ టింగుమంది. ఫొటో వచ్చింది. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, పసుపుపచ్చ తువ్వాలు. దాని మీద బోర్లాపడి ఒక పాప, నూనెతో కంచు చెంబులా మెరుస్తోంది. ఒంటి మీద మొలతాడు తప్ప నూలుపోగు లేదు. కింద కిరీటి రాశాడు: ఇప్పుడే వచ్చాం బాబాయ్ గారూ, నాలుగైదు గంటలు ఇక్కడే, అంతా మీరు చెప్పినట్టే.

కొమరయ్య ఆ ఫొటోను మనవరాలికి మెడల్ చూపించినట్టు చూపించాడు.

సాత్విక ఫోన్ లాక్కుని చూసింది. ఏం చెప్పావని అడిగింది. చెప్పాడు. మళ్లీ అడిగింది. ఈసారి ఎరువు తీసేసి చెప్పాడు. ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి ఆ ఏడు మీద వేలు పెట్టింది. అది రాత్రి చలి కాదట. ఎండలో కంటికి కనబడని, ఒంటికి వేడి తెలియని ఒక కిరణం ఉంటుందట, దాని బలం ఎంతో చెప్పే అంకె అట. మూడుకు చేరితే చాలు, ఒళ్లు కప్పుకోవాలి. ఏడంటే పెద్దవాళ్ల తోలే గంటలోపు కమిలిపోతుంది. పైగా పక్కన నీళ్లూ తెల్ల ఇసుకా ఉంటే అద్దం పట్టినట్టు కింద నుంచి కూడా కొడుతుంది. పైగా నూనె. ఏడు నెలల పిల్ల.

"చల్లగుంది గదనే," అన్నాడు కొమరయ్య.

"అదే డేంజర్ తాతా. చల్లగా ఉంది కాబట్టే లేచి వెళ్లరు."

ఆయనకు తలా తోకా చిక్కలేదు. ఎండకు తెలిసిన దారి ఒకటే, నడినెత్తి. దెబ్బ తగిలితే మనిషి తూలతాడు, ఒళ్లు కాలుతుంది, సల్ల తాగించి తడిబట్ట కప్పాలి. జేబులో ఉల్లిగడ్డ ఉంటే అదీ రాదు. వేడి లేని ఎండ తోలు కాల్చడమేమిటి? నిప్పు లేకుండా అన్నం ఉడికిందంటే నమ్మాలా?

సాత్విక ఆయన్ను చూసింది. చూస్తూ చూస్తూ చెయ్యి చాపి, ముక్కు మీద లేచిన పొర ఒకటి పట్టుకుని లాగింది.

"ఇది ఎక్కడ కాలింది తాతా?"

"కాలలే. హీటర్ గాలికి."

"మంచు మీద పొద్దంతా కూర్చున్నావు. ఆకాశంలో మబ్బు లేదు. కింద మంచు అద్దంలా ఉంది. మైనస్ పది. నీకు వేడి తెలిసిందా?"

కొమరయ్య ముక్కు తడుముకున్నాడు. రామగుండంలో అరవై ఎండాకాలాలు దున్నినా ఊడని తోలు, గడ్డకట్టిన సరస్సు మీద ఒక్క పూటలో ఊడింది. అక్కడ తలకు రుమాలు ఉండేది, పన్నెండు దాటితే చెట్టుకిందికి పోయేవాడు. ఎందుకంటే వేడి తరిమేది. ఇక్కడ తరిమేవాడు లేడు. ఆ పాపను కూడా ఎవరూ తరమరు. హాయిగా గాలి వీస్తుంటే అలా బోర్లాపడి ఆడుకుంటూనే ఉంటుంది.

సగమే అర్థమైంది. ఆ సగానికే చాయ్ పక్కన పెట్టేశాడు.

సాత్విక అప్పటికే కిరీటికి ఫోన్ కలిపింది. తెలుగులో చెప్పింది, ఇంగ్లిష్‌లో చెప్పింది, కాగితం చూసి చదివింది. కిరీటి మర్యాదగా విన్నాడు. ఈమెయిల్ చూశామండీ, అవన్నీ తెల్లతోలు వాళ్లకు రాసినవి, అన్నాడు. మీ సీనియర్ గారే చెప్పారు కదా, ఆయన రామగుండం మనిషి, మీరు టెన్షన్ పడకండి, అని ధైర్యం కూడా చెప్పాడు. ఆ పిల్ల గొంతులో ఏడుపు జీర వినబడగానే కొమరయ్య ఫోన్ అందుకున్నాడు.

ఎరువు వెయ్యకుండా, గింజ కూడా కలపకుండా మాట్లాడాడు. నేను కంపెనీ మనిషిని కాదు కొడుకా, ఆ పిల్ల తాతను. ఆ ఏడేందో నాకు తెల్వదు, తెల్వకనే చెప్పిన. చల్లటి ఎండ కూడా కాలుస్తది. నేను మంచుగడ్డ మీద కూసొని చేపలు పట్టిన, నా ముక్కు తోలు ఊడింది.

అవతల నవ్వు. ఇసుకలో దొర్లుతున్నాడేమో అనిపించే నవ్వు.

"ఇది అదిరింది బాబాయ్ గారూ. నిన్నటి ఎడ్లబండి కంటే ఇదే బాగుంది. మంచుగడ్డ మీద ఎండదెబ్బ."

"అబద్ధం కాదురా కొడుకా."

"వర్షా, విను, బాబాయ్ గారు మంచులో కాలిపోయారంట."

కొమరయ్య వీడియో పెట్టించి ముక్కు చూపించాడు. వెనక కిటికీలో మంచు చూపించాడు. కిరీటి ముక్కు చూసి నవ్వాడు, మంచు చూసి నవ్వాడు. ఎడ్లబండి నీడను నమ్మినవాడు సొంత ముక్కును నమ్మడం లేదు. ఈ దేశంలో తన నిజాలకు ఈ శాపమేమిటో ఆయనకు తెలియలేదు. తెర మూలలో పాప కాలు ఒకటి కనబడింది. గాల్లో ఆడుతోంది.

నిజం ఇక్కడ చెల్లదు. సరే. చెల్లే నాణెం తన దగ్గర లేకపోలేదు.

"ఫోన్ కోడలికియ్యి," అన్నాడు. గొంతు మారింది. సాత్విక తలెత్తి చూసింది.

వర్ష వచ్చి నమస్కారం చెప్పింది. కొమరయ్య ముందు పాప పుట్టువెంట్రుకలు తీశారా అని అడిగాడు. ఇంకా లేదంది. ఆయన దీర్ఘంగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఒక్కటీ నాలుగు బస్తాల పెట్టు.

"అట్లయితే ఇను బిడ్డా. పుట్టెంటికలు తియ్యని పిల్లను పొద్దుగాల పదకొండు నుంచి నాలుగు దాంక సముద్రం ఒడ్డున బయట వెయ్యద్దు. తల్లి నీడ పడని పిల్లను చూస్తే సూర్యుడు తన పిల్లే అనుకుంటడు. ముద్దు వెడతడు. ఆయన ముద్దు వెడితే ఏమైతదో నేను చెప్ప."

అవతల నవ్వు ఆగిపోయింది. సాత్విక నోరు తెరిచింది. కొమరయ్య కళ్లతోనే కాగితం అడిగాడు. ఆ పిల్ల అర్థమయ్యీ కాక జాగ్రత్తల కాగితం ఆయన ముందు పట్టుకుని మొదటి వరుస మీద వేలు పెట్టి, గొడుగు, అని పెదవులు కదిపింది.

గొడుగు కిందికి తీసుకుపొమ్మన్నాడు కొమరయ్య. సూర్యుడికి గొడుగంటే అత్తవారిల్లు, లోపలికి రాడు. వేలు రెండో వరుసకు జరిగింది. తల మీద టోపీ, ఒంటికి పొడుగు చేతుల పలచటి బట్ట. చేతులు, కాళ్లు కనబడితే లెక్కపెట్టుకుంటాడు, కనబడనియ్యొద్దు. మూడో వరుస. ఇక్కడ కొమరయ్య ఆగాడు. నూనె తుడిచెయ్యాలట, తెల్లటి క్రీమ్ ఏదో రాయాలట, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలట. దానికి కారణం వెంటనే దొరకలేదు. వర్ష, బాబాయ్ గారూ, ఉన్నారా, అంది.

"ఉన్న బిడ్డా. నూనె ఎందుకు తుడవాలంటే, మెరిసేది చూసే ఆయన దిగుతడు. తెల్లగ ఏమన్న రాస్తే ఎవరి పిల్లనో అనుకుంటడు. కాని రెండు గంటలకు గుర్తువడతడు. మళ్ల రాయాలె."

ఆ తర్వాత పాలు ఎన్నిసార్లు పట్టాలో కూడా చెప్పాడు. గాలి చల్లగా వీస్తే ఆయన పోయాడనుకోవద్దన్నాడు. మబ్బు పడితే చాటు నుంచి చూస్తున్నాడని అర్థం. కాగితంలో ఉన్న ఏడు వరుసలూ అయిపోయాయి. కంపెనీవాళ్లు రెండేళ్లుగా ఇంగ్లిష్‌లో పంపుతున్నా ఎవరూ పట్టించుకోని కాగితం అది.

ఫోన్‌లో గలగలా చప్పుళ్లు. వర్ష కిరీటిని ఏదో అంటోంది, గొడుగు ఎత్తమంటోంది, నీ రెంటచింతల నీ దగ్గరే పెట్టుకో అంటోంది. ఫోన్ ఆగిపోయింది.

తాతా మనవరాలూ ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నారు. చాయ్ చల్లారింది. పదిహేను నిమిషాలకు ఫొటో వచ్చింది. పెద్ద గొడుగు, దాని కింద వర్ష, ఒళ్లో తెల్లగా సున్నం వేసిన గోడలా పండు, తలకు పాప కంటే పెద్ద టోపీ. వాళ్ల వెనక ఎండలో కిరీటి, చొక్కా లేకుండా, నడుము మీద చేతులు పెట్టుకుని.

సాత్విక ముందు ఊపిరి వదిలింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, తర్వాత కోపం తెచ్చుకుంది.

"మూఢనమ్మకం చెప్పావు తాతా. ఈ కాల్ రికార్డ్ అవుతుంది. రిపోర్ట్‌లో నేనేం రాయాలి?"

"నీ కాయితమే చదివిన గదనే."

అదీ నిజమే. ఆ పిల్ల రిపోర్ట్ తెరిచి చాలాసేపు చూసి, తన పరోక్షంలో తాత ఒక తప్పు సలహా ఇచ్చిన సంగతి దాచకుండా రాసింది. జాగ్రత్తలన్నీ మళ్లీ వివరంగా చెప్పడం జరిగింది, అతిథి పాటించారు, అని ముగించింది. ఇకమీదట తాను పక్కన లేనప్పుడు పచ్చ బొమ్మ ముట్టుకోకూడదని తాత చేత ప్రమాణం చేయించింది. మనస్ఫూర్తిగానే చేశాడు. తెర మూలలో ఆడిన ఆ చిన్న కాలు ఆయన కళ్లముందు నుంచి పోవడం లేదు.

పదిన్నరకు, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకు, వర్ష మెసేజ్ పెట్టింది. పాప ఎడమ కాలి మీద కొంచెం ఎరుపు వచ్చిందట, రిసార్ట్ డాక్టర్ చూసి ఫరవాలేదన్నాడట. కిరీటి మాత్రం బోర్లా పడుకుని ఉన్నాడు, వీపు మీద దుప్పటి కూడా ఆననివ్వడం లేదు. రెంటచింతలలో పుట్టినవాడికి ఇరవై రెండు డిగ్రీల్లో ఇలా ఎందుకైందో బాబాయ్ గారిని అడగమంటున్నాడు. నేనూ అట్లనే కాలిన అని పొద్దున చెప్తే నమ్మలేదు గదా అని జవాబు పెట్టాలనుకున్నాడు కొమరయ్య. కానీ మళ్లీ నవ్వితే వీపు నొప్పి పుడుతుందని, తడిబట్ట వెయ్యమని మాత్రం చెప్పించాడు.

మధ్యాహ్నం బయట నడవడానికి చెప్పులు మార్చుకుంటుంటే సాత్విక తెల్ల క్రీమ్ గొట్టం తెచ్చి ముక్కుకు రాసింది. ఈ వయసులో నన్నెవరు ముద్దు పెడతారే అన్నాడు గానీ, కదలకుండా రాయించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అంజయ్యకు ఫోన్ చేశాడు. అక్కడ సాయంత్రం. జరిగిందంతా వరసగా చెప్పాడు. చల్లటి ఎండ కాలుస్తుందన్నాడు. మంచు అద్దంలా మారి కింద నుంచి కొడుతుందన్నాడు. తన ముక్కు అందుకే ఊడిందన్నాడు.

"నీకు ముసలితనం వచ్చింది కొమరన్నా," అన్నాడు అంజయ్య. "మునుపు అబద్ధమన్న మంచిగ చెప్తుంటివి."

కొమరయ్యకు ఇక ఓపిక లేకపోయింది. పుట్టువెంట్రుకలు తియ్యని పిల్లను సూర్యుడు తన పిల్ల అనుకుంటాడని చెప్పి ఎలా గట్టెక్కాడో చెప్పాడు. ఇది తాను అక్కడికక్కడ అల్లిన మాటని కూడా చెప్పాడు.

అంజయ్య నవ్వలేదు.

"నువ్వు అల్లేదేంది? అది ఉన్న ముచ్చటే. మా అవ్వ చెప్తుండె. గొడుగు అత్తగారిల్లు అని గూడ చెప్తుండె."

కొమరయ్య ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిటికీలోకి చూశాడు. ఎండ బ్రహ్మాండంగా కాస్తోంది, మంచు కరగడం లేదు. గొడుగు మాట తనదే. అప్పటికప్పుడు పుట్టింది. కాగితం పట్టుకున్న సాత్విక సాక్షి. మరి అంజయ్య తల్లి పోయి నలభై ఏళ్లైంది. చిన్నప్పుడు ఆమె చేతి జొన్న గట్క తిన్న రోజులున్నాయి. అప్పుడేమైనా విన్నాడా?

ముక్కు తడుముకున్నాడు. క్రీమ్ వేలికి అంటింది. ఎన్ని గంటలైందో లెక్కపెట్టుకుంటూ, మళ్లీ రాయమని అడగడానికి సాత్విక గదివైపు నడిచాడు.